ఒక్క డిగ్రీ తేడా

ఇరవై రెండు గజాల దూరంలో మూడు కర్రలు పాతి, చేతికి బంతి ఇచ్చి, "వీటిని కొట్టండి చూద్దాం" అంటే అదేమంత గొప్ప పని అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అప్పటికి నా వయసు 47. ఇరవై ఏళ్ళకు పైగా హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతున్నాను. తిరిగే బంతి గాలిలో ఎందుకు వంగుతుందో నల్లబల్ల మీద బాణం గుర్తులతో సహా బొమ్మ గీసి చూపించగలను. అలాంటివాడికి బంతి వేయడం ఒక లెక్కా!

వార్షికోత్సవాలలో భాగంగా సికింద్రాబాదులోని మా పాఠశాలలో ఉపాధ్యాయులకూ పదో తరగతి విద్యార్థులకూ క్రికెట్ ఆట పెట్టారు. నాకు ఒక ఓవరు ఇచ్చారు. ఆరు బంతులతో ముగియవలసిన ఆ ఓవరు పదకొండు బంతులు నడిచింది. ఒక బంతి నేరుగా అంపైరుగా నిలబడ్డ డ్రిల్లు మాస్టారి దగ్గరకు వెళ్ళింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇంటికి వెళ్ళాక నిద్ర పట్టలేదు. నవ్వినందుకు కాదు. నాకు తెలిసిన శాస్త్రం నా చేతికి ఎందుకు తెలియలేదు అన్న ప్రశ్న వేధించింది.

మరుసటి ఆదివారం ఉదయం పరేడ్ గ్రౌండ్స్‌కు వెళ్ళాను. తెల్లవారేసరికే అక్కడ పదుల కొద్దీ ఆటలు పక్కపక్కనే సాగుతూ ఉంటాయి. ఒకరి ఫీల్డరు మరొకరి పిచ్ మీద నిలబడి ఉంటాడు. ఒక మూల గోడ పక్కన మూడు ఇటుకలు నిలబెట్టి, పాత బంతితో నేనొక్కణ్ణే మొదలుపెట్టాను. ఆ రోజు మొదలైన పిచ్చి ఈనాటికీ వదలలేదు.

లెక్క ఏం చెబుతుంది?

ముందుగా కాగితం తీసుకుని లెక్క వేసుకున్నాను. మీరూ వేయండి.

పిచ్ పొడవు 20.12 మీటర్లు. బౌలరు క్రీజు దగ్గర బంతి వదులుతాడు గనుక, అక్కడి నుండి ఎదుటి వికెట్లకు సుమారు 18.9 మీటర్లు. మూడు కర్రల మొత్తం వెడల్పు 22.86 సెంటీమీటర్లు, అంటే మధ్య కర్ర నుండి పక్కకు 11 సెంటీమీటర్ల పైచిలుకు. మధ్య కర్రకు గురిపెట్టిన బంతి ఒక్క డిగ్రీ పక్కకు వెళ్ళిందనుకోండి. టాన్ 1° విలువ 0.01746. దానిని 18.9తో గుణిస్తే 0.33. అంటే వికెట్లను చేరేసరికి బంతి 33 సెంటీమీటర్లు పక్కన ఉంటుంది! వికెట్టుకు తగలడం మాట అటుంచి, దాని దరిదాపులలో కూడా ఉండదు.

ఇప్పుడు పైకీ కిందికీ చూద్దాం. నా బంతి వేగం గంటకు 60 కిలోమీటర్లు, అనగా సెకనుకు 16.7 మీటర్లు. అది నా చేతి నుండి 15 మీటర్ల దూరంలో నేలను తాకాలి. అంత దూరం వెళ్ళడానికి 0.9 సెకను పడుతుంది. ఆ కాలంలో గురుత్వాకర్షణ బంతిని సుమారు 4 మీటర్లు కిందికి లాగుతుంది. నా చేయి నేల నుండి 2 మీటర్ల ఎత్తులోనే ఉంది. కనుక బంతిని తిన్నగా వేస్తే సరిపోదు, ఏడెనిమిది డిగ్రీలు పైకి వేయాలి. ఆ కోణంలో ఒక్క డిగ్రీ తగ్గితే బంతి అరవై సెంటీమీటర్లు, దాదాపు రెండడుగులు, ముందే పడుతుంది.

ఇక చేతి సంగతి. భుజం నుండి వేళ్ళ వరకు 70 సెంటీమీటర్లు అనుకుందాం. భుజం చుట్టూ చేయి సెకనుకు 14 మీటర్ల వేగంతో తిరిగితే, ఒక్క డిగ్రీ తిరగడానికి దానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతు కంటే కూడా కొంచెం తక్కువ. అంటే బంతిని వదలడంలో రెప్పపాటులో వందో వంతు ఆలస్యమైనా గురి తప్పినట్టే.

ఈ లెక్క పూర్తయ్యాక నా పదకొండు బంతుల ఓవరు గురించి సిగ్గు పోయింది. దాని స్థానంలో ఆశ్చర్యం మిగిలింది. అసలు ఎవరైనా సరిగా ఎలా వేయగలుగుతున్నారు?

గురువు దొరికాడు

మూడో ఆదివారం నా వెనుక ఎవరో నిలబడి చూస్తున్నట్టనిపించి తిరిగాను. మా తొమ్మిదో తరగతి కుర్రాడు. నా పరీక్షలో యాభైకి పదకొండు మార్కులు తెచ్చుకున్నవాడు. అతని జవాబు పత్రం మీద ఎర్ర సిరాతో "నీకు సైన్సు రాదు" అని నేనే రాశాను. అతను కాసేపు తటపటాయించి అన్నాడు:

"సార్, మీరు చెయ్యి తిప్పుతున్నరు గానీ బాల్ తిప్పుతలేరు."

"అంటే ఏమిట్రా?"

"బాల్‌ను అరచేతిలో కూర్చోబెట్టిన్రు సార్. గట్ల పడితే ఎట్ల తిరుగుతది? ఈ రెండు వేళ్ళు ఎడంగ పెట్టాలె. కుట్టు మీద అడ్డంగ. పని చేసేది చూపుడు వేలే."

తన చేతిలోకి తీసుకుని చూపించాడు. చూపుడు వేలు, మధ్య వేలు దూరంగా, కుట్టుకు అడ్డంగా. వదిలేటప్పుడు సీసా మూత బిగించినట్టు కుడివైపుకు తిప్పాలి. కుడిచేతి ఆఫ్ స్పిన్ అంటే ఇంతే. బంతి వెనుక నుండి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతూ వెళుతుంది. నేలను తాకినప్పుడు బంతి అడుగుభాగం ఎడమకు కదులుతూ ఉంటుంది గనుక, ఘర్షణ బంతిని కుడివైపుకు నెడుతుంది. ఈ రెండో వాక్యం నాకు తెలుసు, అతనికి తెలియదు. మొదటిది అతనికి తెలుసు, నాకు తెలియదు.

అతను ఇంకొకటి కూడా చెప్పాడు. "పొడి మట్టి మీద మస్తు తిరుగుతది సార్. పొద్దుగాల మంచుకు తడిగ ఉంటే జారుకుంట పోతది." ఘర్షణ తలాల స్వభావం మీద ఆధారపడుతుందని పాఠ్యపుస్తకంలో ఉన్న వాక్యం ఇదే కదా! నేను అడిగిన మాటల్లో రాయలేకపోయాడు గాని, విషయం అతని వేళ్ళలో ఉంది.

గాలి చేసే పని

స్పిన్ బంతి నేల మీద పడ్డాకే కాదు, గాలిలో కూడా దారి మార్చుకుంటుంది. 1672లోనే న్యూటన్ టెన్నిస్ బంతి వంపుగా వెళ్ళడం గమనించి రాశాడు. తుపాకీ గుండ్లు దారి తప్పడానికి వాటి భ్రమణమే కారణమని 1742లో ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ గుర్తించాడు. 1852లో జర్మనీ శాస్త్రవేత్త మాగ్నస్ ప్రయోగాలు చేసి వివరించాడు. అందుకే దీనిని మాగ్నస్ ఫలితం అంటారు.

సూత్రం తేలిక. తిరిగే బంతి తనను అంటుకుని ఉన్న గాలి పొరను తనతో పాటు లాక్కుపోతుంది. బంతి పైభాగం ముందుకు తిరుగుతూ ఉంటే, దాని వెనుక గాలి పైవైపుకు మళ్ళుతుంది. గాలిని బంతి పైకి నెట్టింది గనుక, న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం గాలి బంతిని కిందికి నెడుతుంది. బ్యాటు పట్టినవాడు "ఇది నా దగ్గర పడుతుంది" అనుకుని ముందుకు వస్తాడు. అది అతను అనుకున్నచోటి కంటే ముందే పడుతుంది. స్పిన్నరు చేసే మాయ అంతా ఆ అడుగు తేడాలోనే ఉంది.

వేగంగా వేసేవారి సంగతి వేరు. వారు భ్రమణం కంటే కుట్టును నమ్ముకుంటారు. కుట్టును కొంచెం ఏటవాలుగా నిలబెడితే, ఆ వైపు గాలి పొర అల్లకల్లోలమై బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది. నునుపైన రెండో వైపు గాలి ముందుగానే విడిపోతుంది. దాంతో వెనుక గాలి ఒక పక్కకు, బంతి మరో పక్కకు మళ్ళుతాయి. ఇదే స్వింగ్. మన హైదరాబాదు కుర్రాడు మహమ్మద్ సిరాజ్ 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌లో ఒకే ఓవరులో నాలుగు వికెట్లు పడగొట్టి, మొత్తం 21 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. శ్రీలంక 50 పరుగులకే ముగిసింది. ఆటో డ్రైవరు కొడుకైన సిరాజ్ ఇరవై ఏళ్ళు దాటేవరకు ఎక్కువగా ఆడింది టెన్నిస్ బంతితోనే. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి ఇంతకంటే ధైర్యమేముంది!

నోటుపుస్తకం చెప్పిన నిజం

బంతి పడవలసిన చోట ఒక దినపత్రిక పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. రోజూ 30 బంతులు. కాగితం మీద ఎన్ని పడ్డాయో నోటుపుస్తకంలో రాసుకునేవాడిని. మొదటి వారం సగటు మూడు. నెల తిరిగేసరికి ఆరు. కుర్రాడు చెప్పినట్టు పట్టు మార్చగానే మళ్ళీ రెండుకు పడిపోయింది! పాత పట్టుకే పోదామనిపించింది. "కొత్తది గట్లనే ఉంటది సార్, పది రోజులు చూడుండ్రి" అన్నాడతను. చూశాను. ఆరు నెలలకు పదమూడుకు చేరాను.

మధ్యలో ఏడెనిమిది దగ్గర చాలా వారాలు ఆగిపోయాను. కారణం తెలియలేదు. చివరకు ఫోనులో నిదానంగా కదిలే వీడియో తీయించుకుని చూస్తే తెలిసింది. చేయి చెవి పక్కగా రావడం లేదు, అలసిన కొద్దీ పక్కకు వాలిపోతోంది. పైగా ఎడమ చేయి ఊరికే వేలాడుతోంది. ఎడమ చేతిని ఎత్తి, దాని మీదుగా గురి చూసి, దానిని కిందికి లాగితే కుడి చేయి తనంతట తాను పైకి వస్తుంది. ఒకసారి ఒక్క లోపమే సరిదిద్దుకోవాలని కూడా అప్పుడే నేర్చుకున్నాను. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్రయోగశాలలో మీకు రోజూ చెప్పే మాటే ఇది.

మరి వెయ్యో వంతు సెకను సంగతేమిటి? కంటితో చూసి చేతిని కదిలించడానికి మనకు సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. కాబట్టి బంతి వదిలే క్షణంలో సరిదిద్దుకోవడం అసాధ్యం. కదలిక మొత్తం ముందుగానే మెదడులో సిద్ధమై ఉండాలి. మెదడు వెనుక భాగంలో ఉండే అనుమస్తిష్కం ప్రతి ప్రయత్నంలోని పొరపాటును గమనించి తరువాతి ప్రయత్నాన్ని కొంచెం సవరిస్తుంది. ఇది పిల్లలకే పరిమితం కాదు. 2004లో జర్మనీ పరిశోధకులు కొందరు పెద్దవారికి మూడు నెలల పాటు మూడు బంతులను ఎగరవేసి పట్టడం నేర్పి, మెదడును స్కాన్ చేసి చూశారు. కదిలే వస్తువులను గమనించే భాగాలలో బూడిద రంగు పదార్థం పెరిగింది. సాధన మానేసిన తరువాత అది మళ్ళీ తగ్గింది.

సాధన అంటే ఏమిటో మన ఊరి పాతతరం ఆటగాళ్ళు చూపించారు. హైదరాబాదులో పుట్టిన ఆఫ్ స్పిన్నరు గులాం అహ్మద్ 22 టెస్టులలో 68 వికెట్లు తీశాడు. 1950-51 రంజీ పోటీలలో హోల్కర్ జట్టు మీద ఆయన ఒకే ఇన్నింగ్స్‌లో 92 ఓవర్లకు పైగా వేశాడు! తూర్పు గోదావరి జిల్లా ఆలమూరులో పుట్టి హైదరాబాదుకు ఆడిన వెంకటపతి రాజు 1990లో చండీగఢ్ టెస్టులో శ్రీలంకపై 12 పరుగులకే ఆరు వికెట్లు తీశాడు. ఇక మీ వయసువారి మాట చెప్పాలంటే, భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష సాధన కోసం కుటుంబంతో సహా సికింద్రాబాదు వచ్చి, 2025లో అండర్-19 మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో తన లెగ్ స్పిన్‌తో 15 పరుగులకు మూడు వికెట్లు తీసి, ఆ తరువాత 44 పరుగులు చేసి అజేయంగా నిలిచింది.

మీరు చేసి చూడండి

ఒక తెల్ల కాగితాన్ని గొట్టంలా చుట్టి జిగురుతో అంటించండి. బల్ల మీద ఒక అట్టను ఏటవాలుగా, కింది అంచు బల్ల అంచుకు సరిగ్గా వచ్చేటట్టు పెట్టండి. గొట్టాన్ని అట్ట మీద నుండి దొర్లించండి. బల్ల దాటాక అది ముందుకు వెళ్ళి పడుతుందని మీరనుకుంటారు. జాగ్రత్తగా చూడండి. అది వెనక్కు, బల్ల కిందికి వంగుతూ పడుతుంది! అంత తేలికైన గొట్టం మీద మాగ్నస్ బలం ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. గొట్టం ఎటు తిరుగుతోంది, గాలి ఎటు మళ్ళుతోంది, ఎందుకు వెనక్కు వచ్చింది అన్నది బొమ్మ గీసి వివరించండి.

నేను ఆ సంవత్సరం తొమ్మిదో తరగతిలో ఈ ప్రయోగం చేయించాను. గొట్టం వెనక్కు వంగగానే తరగతి అంతా నిశ్శబ్దం. ఎందుకని అడిగాను. మొదటి మార్కు విద్యార్థి కూడా లేవలేదు. చివరి బెంచీ నుండి ఒక చేయి లేచింది.

"సార్, అది మీ బాల్ లెక్కనే తిరుగుతుంది. గాలిని ముందటికి నూకుతుంది. గందుకే ఎన్కకు వచ్చింది."

జవాబు సరైనదే. ఆ రోజు స్టాఫ్ రూములో అతని పాత జవాబు పత్రం వెతికి తీసి, ఎర్ర సిరాతో నేను రాసిన మాటను కొట్టేసి, పక్కన ఇలా రాశాను: "నేను తప్పుగా కొలిచాను."

ఇప్పుడు నాకు 53. దినపత్రిక మీద ముప్పైకి పదహారు పడుతున్నాయి. మిగిలిన పద్నాలుగు ఎందుకు తప్పుతున్నాయో ఇంకా కనిపెట్టవలసి ఉంది.