పక్షుల మరణములు: లేనిదానిని గూడ వెదుకవలెను

కొండవీటి కొండల క్రిందనున్న ఎడ్లపాడు సీమ పత్తికిని మిరపకును పేరుగన్నది. ఇట్టిచోట పొలముగట్టున కొంగలు చచ్చిపడినచో చూచినవారు మొదట పురుగుమందును, పిమ్మట అంటువ్యాధిని శంకింతురు. ఈ శంకలు నిరాధారములు కావు. 2019లో రాజస్థానమందలి సాంభరు సరస్సున వేలకొలది పక్షులు బొటులిజమను విషముచే మరణించినవి. 2022 ఆరంభమున మన తేలినీలాపురమున గూడబాతులు చనిపోగా, కడుపులోని పురుగులే కారణమని అధికారులు తెలిపిరి.

అయినను విచారింపవలసిన మూడవ కారణమొకటి కలదు. రోగము దేహమున చేరినదానివలననే గాక, చేరవలసినది చేరకపోవుటవలనను కలుగవచ్చును.

ఈ సత్యమును లోకమునకు నేర్పినవి పక్షులే. 1890 తరువాత జావాలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లని బియ్యమే తిన్న కోళ్లు కాళ్లు చచ్చుపడి కూలుటయు, తవుడు పోని బియ్యము పెట్టగా లేచుటయు చూచెను. ఆయనయు తొలుత విషమునే శంకించెను. కారణము విషము కాదనియు, తవుడునందలి పోషకము లోపించుటయే యనియు 1901లో గ్రైన్స్ వివరించెను. ఆ పోషకమే థయామిన్, అనగా బి1 విటమిను. దాని లోపమువలని బెరిబెరి మన ఉత్తర సర్కారుల ప్రజలను చిరకాలము పీడించినది. ఆ వ్యాధి పరిశోధనకై 1918లో కూనూరున ఒక్క గదిలో వెలసిన శాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యనబడుచున్నది.

2009లో స్టాక్‌హోము విశ్వవిద్యాలయపు లెన్నార్ట్ బాల్క్ ప్రభృతులు, బాల్టిక్ తీరమున రెక్కలు వ్రాల్చి కదలలేక చనిపోవు అడవిపక్షులయందు థయామిన్ కొరతను కనుగొనిరి. చచ్చుపడిన పక్షులకు థయామిన్ ఇయ్యగా కోలుకొనినవని ప్రకటించిరి. కొందరు శాస్త్రజ్ఞులు ఈ నిర్ణయమును సందేహించిరి. కనుక దీనిని సిద్ధాంతముగ గాక, పరీక్షింపదగిన శంకగ గ్రహింపవలెను.

మనకును ఈ శంక అవసరమే. కొన్నిజాతుల పచ్చిచేపలందు థయామిన్‌ను నాశనముచేయు పదార్థము కలదు. అందుచే జంతుప్రదర్శనశాలలలో చేపలు తిను పక్షులకు థయామిన్ మాత్రలు పెట్టుట వాడుక. గుంటూరు చెంత ఉప్పలపాడు చెరువును ఆశ్రయించు గూడబాతులకును, ఎర్రకాళ్ల కొంగలకును చేపలే ఆహారము. వీనికి ఈ లోపము కలదని మేమనుట లేదు. పరీక్షింపకయే లేదనుట మాత్రము శాస్త్రము కాదు.

ఇకముందు పక్షులు కూలినచోటనెల్ల అటవీశాఖ విషమును, సూక్ష్మక్రిములను వెదకించుటతో తృప్తిపడరాదు. కాలేయమునను, మెదడునను థయామిన్ ఎంత గలదో కొలిపింపవలెను. ప్రాణమున్న పక్షులకు పశువైద్యులచే దానిని ఇప్పించి చూడవలెను. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయమును, హైదరాబాదు సంస్థయు ఇందుకు చేయికలుపుట యుక్తము. కోళ్లవలన నేర్చిన విద్య మనుష్యుల ప్రాణములను కాపాడినది. ఆ విద్యను పక్షులకై వినియోగించుట మన విధి.