పశువుల బీడు ఎవరి ఆస్తి?

పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో చేరడానికి భూమి ఉండాలనే నిబంధన లేదు. పాడి పశువు ఉండి, సంఘానికి క్రమంగా పాలు పోస్తే చాలును. ఇరవై ఎకరాల మాగాణి గల రైతు, సెంటు భూమి లేని కూలీ ఒకే వరుసలో నిలబడి పాలు పోసి, ఒకే వెన్న శాతం లెక్కన డబ్బు తీసుకోవడం సహకార పాడిపరిశ్రమకు గల గొప్ప గుణం.

అయితే సంఘం భూమిని అడగకపోయినా, పశువు మాత్రం అడుగుతుంది. గేదె తినే గడ్డి ఏదో ఒక భూమిలో మొలవాలి కదా! ఆ భూమి మీద ఆ కుటుంబానికి ఏ హక్కు ఉన్నదనే దానిమీదనే ఆ ఇంటి పాడి, చాలావరకు ఆ ఇంటి తిండి ఆధారపడి ఉంటాయి. అందుచేత మేత భూముల హక్కులను గూర్చి, అందులోను గ్రామ పశువుల బీడును గూర్చి సభ్యులందరూ తెలుసుకోవడం అవసరం.

మేత లెక్క

పాలిచ్చే గేదెకు రోజుకు సుమారు 20 నుండి 25 కిలోల పచ్చిగడ్డి, 5 లేక 6 కిలోల ఎండుగడ్డి, పాల దిగుబడిని బట్టి దాణా కావాలి. పచ్చిగడ్డి ఒక్కటే ఏడాదికి 7 నుండి 9 టన్నులు అవుతుంది. నీటి వసతి గల రైతు పది సెంట్లలో హైబ్రిడ్ నేపియర్ వేసుకొని ఒక గేదెకు ఈ అవసరాన్ని తీర్చుకోగలడు. భూమి లేని సభ్యుడు గట్ల మీద, కాలువ ఒడ్డున కోసిన గడ్డి మీద, ఊరి బీడులో పశువు మేసిన మేత మీద ఆధారపడవలసి ఉంటుంది.

బీడు పోతే ఆ సభ్యుడు మేత కొనాలి. వేసవిలో ఎండుగడ్డి ధర పెరుగుతుంది, పాలు తగ్గుతాయి. మేత ఖర్చు పాల బిల్లును మించిన నాడు గేదెను దళారికి తోలడం తప్ప దారి ఉండదు. దానితో బియ్యం కొనుక్కొనే డబ్బు, పిల్లలకు మిగిలే గ్లాసెడు పాలు రెండూ పోతాయి. ఊరిలో ఆహార భద్రత అంటే ధాన్యపు నిల్వలు మాత్రమే కాదు; పేద ఇంటి గేదెకు మేత దొరకడం కూడా అందులో భాగమే.

భూమి మీద హక్కులు నాలుగు విధాలు

మొదటిది సొంత పట్టా భూమి. మేత వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

రెండవది ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి, అనగా డి-పట్టా భూమి. పేదల చేతినుండి ఇది జారిపోకుండా 1977లో చేసిన చట్టం దీని అమ్మకాన్ని నిషేధించినది. తరువాత రెండు రాష్ట్రాలలోను సవరణలు వచ్చినవి గనుక, ఏ లావాదేవీకైనా ముందు తహశీల్దారు కార్యాలయంలో విచారించుకోవడం మంచిది.

మూడవది కౌలు భూమి. నోటిమాట కౌలులో గింజల వాటా గూర్చి మాట్లాడుకుంటారు కాని, గడ్డి ఎవరిదో తేల్చుకోరు. కౌలు కాగితంలో గడ్డి సంగతి కూడా ఒక్క వాక్యం వ్రాయించుకొంటే కోతల నాడు తగవు ఉండదు.

నాలుగవది ఉమ్మడి భూమి. మేత పోరంబోకు, మందబయలు, కళ్లం పోరంబోకు, తెలంగాణలో గైరాన్ భూములు ఈ కోవలోనివి. వీటిమీద ఏ ఒక్కరికీ పట్టా ఉండదు. ఈ కారణంగానే చాలామంది వీటిని ఎవరివీ కాని భూములుగా చూస్తారు. అసలు పొరపాటు ఇక్కడే ఉన్నది.

అందరిదీ అంటే ఎవరిదీ కానిది కాదు

మన పాల సంఘాన్నే చూడండి. సంఘం సొమ్ము ఏ ఒక్క సభ్యునిదీ కాదు. అయినా ఎవరు పడితే వారు తీసుకొనిపోవడానికి వీలులేదు. సభ్యుడెవరు, పాల పరీక్ష ఎట్లా, లాభాల పంపకం ఎట్లా అనే వాటికి నిబంధనలు ఉన్నవి. ఉమ్మడి ఆస్తి నిలిచేది నిబంధనల మీదనే. అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ అనేక దేశాలలోని ఉమ్మడి బీళ్లను, అడవులను, సాగునీటి ఏర్పాట్లను పరిశీలించి, వాడుకొనేవారు తామే నియమాలు పెట్టుకొని కాపాడుకోగలరని చూపించినది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

మన బీళ్లకు ఆ భాగ్యం కలగలేదు. ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల మెట్ట గ్రామాలను పరిశీలించి 1986లో ఫలితాలను ప్రకటించారు. 1950ల తొలినాళ్ల నుండి 1980ల తొలినాళ్ల వరకు, సుమారు ముప్పై ఏళ్లలో, అక్కడి ఉమ్మడి భూములు చాలాచోట్ల మూడవ వంతు నుండి సగం వరకు తగ్గిపోయినట్లు తేలినది. ఈ భూముల వలన ఎక్కువ మేలు పొందేవారు పేద కుటుంబాలేనని కూడా ఆయన చూపించారు.

తగ్గడానికి కారణాలు తెలిసినవే. పక్క పొలం రైతు ఏటా ఒక్కొక్క సాలు లోపలికి దున్నుతాడు. కొంత భూమి కార్యాలయాలకు, ఇళ్ల స్థలాలకు పోతుంది. కొంత భూమిని ప్రభుత్వమే పేదలకు పట్టాలిచ్చినది. ఈ చివరిదానిని ఆక్రమణతో కలిపి చూడరాదు. ఆ పట్టా కూడా ఒక పేదవాని కూటికి ఆధారం. మనం కాపాడవలసినది మిగిలి ఉన్న బీడును.

చట్టం ఏమంటున్నది?

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం మేత బీళ్లు, కళ్లాలు, మందబయళ్లు వంటి పోరంబోకులు గ్రామ పంచాయతీకి దఖలుపడి ఉంటాయి. ప్రజా ప్రయోజనం కోసం కావలసివస్తే ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా వాటిని తిరిగి తీసుకోవచ్చును. ఆక్రమణ జరిగితే 1905 నాటి భూ ఆక్రమణ చట్టం క్రింద తహశీల్దారు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చును.

పంజాబులోని ఒక గ్రామ చెరువు ఆక్రమణ కేసులో సుప్రీం కోర్టు 2011 జనవరి 28న ముఖ్యమైన తీర్పు ఇచ్చినది. గ్రామ ఉమ్మడి భూముల అక్రమ ఆక్రమణలను తొలగించడానికి అన్ని రాష్ట్రాలు పథకాలు తయారు చేయాలని ఆదేశించినది. ఎంతో కాలంగా ఆక్రమణలో ఉన్నారనో, ఎంతో ఖర్చు పెట్టి కట్టుకున్నారనో క్రమబద్ధం చేయరాదని చెప్పినది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రభుత్వం ఇచ్చిన భూములను, బడి, ఆసుపత్రి వంటివి ఉన్న స్థలాలను మాత్రం మినహాయించవచ్చునని కూడా చెప్పినది.

సంఘాలు చేయదగిన పనులు

1. గ్రామ పటంలోను, రికార్డులలోను బీడు సర్వే నంబరు, విస్తీర్ణం వ్రాసుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో ఆర్.ఎస్.ఆర్., అడంగల్, తెలంగాణలో సేత్వార్, పహాణీ చూడాలి. పాత రికార్డుకు, నేటి రికార్డుకు తేడా ఉంటే అక్కడే ఆరా తీయాలి.

2. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను క్రింద గల నిషేధిత భూముల జాబితాలో ఆ నంబరు ఉన్నదో లేదో చూడాలి. ఉంటే దాని అమ్మకాన్ని రిజిస్టరు చేయరు. లేనట్లయితే చేర్చవలసినదిగా అర్జీ ఇవ్వాలి.

3. సర్వేయరుచేత హద్దులు కొలిపించి, రాళ్లు పాతించి, హద్దు వెంట కలబంద, గానుగ వంటివి నాటాలి.

4. గ్రామసభ తీర్మానంతో బీడును కొన్ని భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి వంతులవారీగా విశ్రాంతి ఇవ్వాలి. వానలు పడగానే అంజన్ గడ్డి, స్టైలో విత్తనం చల్లి, గడ్డి ఎదిగేవరకు పశువులను తోలకుండా, కోసి పంచుకోవాలి. పంపకంలో భూమిలేని సభ్యులకు మొదటి వంతు ఉండాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థే 1986లో చెట్ల పెంపకందారుల సహకార సంఘాలను ప్రారంభించినది. గుజరాత్‌లో మొదలైన ఈ సంఘాలు ఇతర రాష్ట్రాలకు కూడా వ్యాపించి, గ్రామంలోని బంజరును కౌలుకు తీసుకొని మేత, వంటచెరకు పెంచినవి. పాలకు ఉపయోగపడిన సహకార పద్ధతి గడ్డికి కూడా ఉపయోగపడుతుందని ఆనాడే గుర్తించారు.

పశువుల బీడు కరిగిపోయేది ఒక్క రోజులో కాదు. ఏటా కొన్ని సాళ్లు చొప్పున, ఎవరూ అడగనందువలన. సంఘ అధ్యక్షులు, కార్యదర్శులు తమ తదుపరి సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టి, బీడు సర్వే నంబరును, విస్తీర్ణాన్ని సంఘం నోటీసు బోర్డు మీద వ్రాయించవలసినదిగా కోరుతున్నాము. పాలు పోయడానికి వచ్చే ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ రోజూ ఆ అంకెను చూస్తారు. పదిమందికీ తెలిసిన హద్దును దాటి దున్నడానికి ఎవరైనా వెనుకాడుతారు.