ఒక్కరే మోయలేని భారము

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల నుండి, కొల్లేటి లంక గ్రామాల నుండి మన పిల్లలెందరో చదువుకుని హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళారు. చేనో చెరువో తాకట్టు పెట్టి చదివించిన బిడ్డకు ఉద్యోగం వస్తే కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటాము. అది తగినదే. కాని ఆ బిడ్డ రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటోంది, ఎన్ని ఆదివారాలు ఆఫీసుకే పోతున్నాయి అని మనం అడుగుతున్నామా?

2024 జూలైలో పుణెలో 26 ఏళ్ళ యువతి మరణించింది. కేరళకు చెందిన చార్టర్డ్ అకౌంటెంటు. ఒక పెద్ద సంస్థలో చేరి నాలుగు నెలలే అయింది. మితిమీరిన పనే తన బిడ్డను బలిగొన్నదని తల్లి ఆ సంస్థ పెద్దకు ఉత్తరం వ్రాసింది. పని ఒత్తిడి వలన ప్రాణం పోయిందని తాము నమ్మడం లేదని ఆయన అన్నారు. ఆ ఉత్తరం మాత్రం దేశమంతటా చర్చకు వచ్చింది.

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోల్చి చెప్పిన లెక్క ఇది.

2020 డిసెంబరులో ఏలూరులో అంతుబట్టని జబ్బుతో వందలాదిమంది ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టర్లు, నర్సులు రాత్రింబగళ్ళు సేవ చేశారు. ఆపదలో అది ధర్మము. కాని ప్రతి దినాన్నీ ఆపద దినంగా మార్చడం ధర్మము కాదు.

ఫ్యాక్టరీ కార్మికునికి 1948 నాటి చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది, మించితే రెట్టింపు కూలి ఇమ్మంది. నెలజీతపు ఇంజనీరుకు, ఆడిటరుకు ఆ గంట కొట్టేవారు లేరు. రాత్రి పదకొండుకు ఫోను మోగినా ఎత్తాలి. పక్క బల్ల అతను ఉండిపోతే తానూ ఉండాలి. ఒక్కడే కాదంటే ఏడాది చివర మార్కులు తగ్గుతాయని భయం. ఈ భయం ఒంటరితనంలోనే పెరుగుతుంది.

2024 జూలైలో కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల పనిదినాన్ని 14 గంటల దాకా పొడిగించే ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడి ఐటీ ఉద్యోగుల సంఘం బహిరంగంగా ఎదిరించింది. ఒక్కొక్కరు విడిగా అనలేని మాటను సంఘంగా కలిసి అన్నారు.

సంఘమంటే తిరుగుబాటు అని భయపడే తల్లిదండ్రులున్నారు. మన కొల్లేరునే తలచుకోండి. 1970లలో మత్స్యకారులు సహకార సంఘాలుగా చేరి చెరువులు చేసుకున్నారు. కలిసి అడగడం మన ఊళ్ళకు క్రొత్త కాదు.

ఉదయం మొదలు సాయంకాలం వరకు ఒక్కడే న్యాయం తీర్చుతున్న మోషేను మామ యిత్రో మెచ్చుకోలేదు. నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని హెచ్చరించి, భారాన్ని పదిమందికి పంచమన్నాడు. సొమ్మసిల్లి చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. మొదట నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు.

మనమేమి చేయగలము? ఫోను చేసినప్పుడు జీతం పెరిగిందా అని కాక, నిద్ర పట్టిందా, తిన్నావా అని ముందు అడుగుదాము. పక్కింటివారి బిడ్డ సంపాదనతో పోల్చకుందాము. తోటివారితో కలిసి పని గంటల సంగతి అడుగుతానంటే "మనకెందుకమ్మా" అని వెనక్కు లాగకుందాము. ఆరోగ్యం పాడై ఉద్యోగం మానుకుని ఇంటికి వస్తే ఓడిపోయి వచ్చిందని ఊరికి చెప్పకుందాము. తాకట్టు పెట్టిన చేనును మళ్ళీ విడిపించుకోవచ్చు. బిడ్డను పోగొట్టుకుంటే ఏమి ఇచ్చి విడిపించుకుంటాము?