ఇంటిల్లిపాదికీ ఒకే సెంటు

మా అమ్మాయి ఉద్యోగంలో చేరి, మొదటి నెల జీతంతో ఒక సెంటు సీసా కొని తెచ్చింది. లావెండరూ కస్తూరీ కలిసిన పరిమళమట. డబ్బా మీద ఆడవారికని గాని, మగవారికని గాని వ్రాసి లేదు. "ఇది ఎవరికమ్మా?" అని అడిగాను. "ఇంట్లో అందరికీ నాన్నా! రోజూ వాడుకొనేందుకే" అన్నది. మా ఇంట్లో సెంటు అంటే పెండ్లిళ్ళకు మాత్రమే బీరువాలోనుంచి బయటకు వచ్చే వస్తువు. రోజూ అనేసరికి, గుమాస్తాను గదా, ముందుగా ఖర్చు లెక్కే తోచింది.

ఇదేదో ఈనాటి మోజు అనుకొనేరు. 1889లోనే పారిస్ నగరంలో ఎమే గెర్లాన్ అనే ఆయన లావెండరూ, వెనిలా, పునుగూ కలిపి "జికీ" అనే పరిమళం తయారుచేశాడు. దానిని స్త్రీలూ వాడారు, పురుషులూ వాడారు. అంతదూరం పోనేల? మన పెండ్లిపందిట్లో పన్నీరు చల్లేటప్పుడు ఇది ఆడవారిది, అది మగవారిది అని ఎన్నడైనా అన్నామా?

లావెండరు మధ్యధరా సముద్ర ప్రాంతపు మొక్క. దాని ఊదారంగు పూలకంకులను ఆవిరి పట్టి తైలం తీస్తారు. ఇప్పుడు మన దేశంలోనూ పండుతున్నది. జమ్మూ కాశ్మీరులోని దోడా జిల్లా, భదర్వా ప్రాంతంలో మొక్కజొన్న వేసే రైతులు కొందరు ఈ సాగుకు మళ్ళారు. 2022లో అక్కడ లావెండరు ఉత్సవం కూడా జరిగింది.

కస్తూరి కథ మాత్రం కష్టమైనది. హిమాలయాలలో తిరిగే మగ కస్తూరి మృగం పొట్ట క్రింద చిన్న తిత్తి ఉంటుంది. అందులో దొరికేది సుమారు 25 గ్రాములు. దానికోసమే ఆ మూగజీవాలను చంపేవారు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఆ మృగానికి రక్షణ కల్పించింది. అయినా దొంగవేట పూర్తిగా ఆగలేదు. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ప్రేలుడు పదార్థాలపై పనిచేస్తూ ఉండగా, అనుకోకుండా కస్తూరి వాసనగల పదార్థం పుట్టింది. అసలు కస్తూరిలోని సువాసన ద్రవ్యం నిర్మాణాన్ని 1926లో రుజిచ్కా తేల్చాడు. ఆయనకు 1939లో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు మామూలు సెంట్లలో ఉండేది ఇటువంటి ప్రయోగశాల కస్తూరే. అందుకొరకు మృగం ప్రాణం తీయనక్కరలేదు.

లావెండరు త్వరగా ఆవిరై పోతుంది. కస్తూరి బరువైనది గనుక గంటల తరబడి నిలుస్తుంది. కాని కొందరి ముక్కుకు కొన్ని రకాల కస్తూరి తెలియదు. తెలియక మరీ పూసుకొంటారు. నేనూ ఒకనాడు అట్లాగే దండిగా పూసుకొని ఆఫీసుకు పోతే, ప్రక్క బల్ల దగ్గరి సోదరి తలనొప్పి అంటూ కిటికీ తెరిచింది. మణికట్టుకు ఒక చుక్క చాలు. సీసా మూత బిగించి, ఎండ తగలకుండా ఉంచాలి. గాలి తగిలి పాతబడిన లావెండరు తైలం కొందరి చర్మానికి పడదు.

ఇక అసలు సంగతి. మా నాన్నగారు పోయి పందొమ్మిది ఏండ్లయింది. అప్పటినుంచి పేరంటాలలో గంధం గిన్నె మా అమ్మ దాకా వచ్చి, ప్రక్కకు తిరిగిపోతూనే ఉన్నది. ఆమె ఏనాడూ ఏమీ అనలేదు. నేనూ ఏనాడూ అడగలేదు. ఆ సాయంకాలం మా అమ్మాయి ఆమె దగ్గర కూర్చుండి, "నానమ్మా, చెయ్యి చాపు" అన్నది.

"నాకెందుకే ఇప్పుడు ఇవన్నీ?"

"అందరికీ అని చెప్పాను గదా! నువ్వు అందరిలో లేవా?"

అమ్మ మాట్లాడలేదు. చెయ్యి మాత్రం వెనక్కు తీసికోలేదు. మరునాడు ఉదయం స్నానం చేసి వచ్చి, "ఏదే, ఆ సీసా ఇట్లా తే" అని తానే అడిగింది. నేను ఖర్చు లెక్క అంతటితో మానుకొన్నాను.

సోదరీ సోదరులారా! సెంటు కొన్నా కొనకపోయినా సరే, మీ ఇంట గంధం గిన్నె ఎవరిని దాటి పోతున్నదో ఒకసారి చూడండి.