గోదావరి వెంట సముద్రతీరమునకు

మన పాఠశాలలో చదువు పిల్లలు చిన్న తరగతులలోనే “సముద్రము” అను మాటను తప్పులేకుండ వ్రాయ నేర్చుకొందురు. కాని వారిలో సముద్రమును కన్నులార చూచినవారు కొలదిమందియే. ఇందు వింత యేమియు లేదు. నాందేడ్ దక్కను పీఠభూమి నడుమ, సముద్రమట్టమునకు 350 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. పడమటి సముద్రమును చూడవలెనన్న సుమారు 600 కిలోమీటర్లు రైలులో పోయి ముంబాయి చేరవలెను. తూర్పు సముద్రమును చూడవలెనన్న సుమారు 750 కిలోమీటర్లు పోవలెను. వారాంతపు సెలవు దొరకినంత మాత్రమున లేచి పోయివచ్చు దూరము గాదిది. కావున ఇట్టి ప్రయాణమును కొన్ని నెలలు ముందుగనే ఆలోచించి ఏర్పరచుకొనవలసియుండును. ఆ ఆలోచనకు తల్లిదండ్రులకు తోడ్పడుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఏ తీరమునకు?

పడమటి తీరము మనోహరమైనది. అలీబాగు మొదలైన ఊళ్లకు ముంబాయి మీదుగ పోవచ్చును. అచట సూర్యుడు సముద్రమున అస్తమించుట చూడవచ్చును. సముద్రము వెనుకకు తగ్గిన వేళ కొలాబా కోటకు నడచి పోవచ్చును. ఈ యాత్ర చేయదలచినవారిని వారింప బనిలేదు. అయినను, మన పిల్లల మొదటి సముద్రదర్శనము తూర్పు తీరమున, గోదావరి సముద్రమును కలియు చోట జరుగుట మేలని మా యభిప్రాయము. దీనికి రెండు కారణములు కలవు.

మొదటిది నది. నాసిక్ జిల్లాయందలి త్ర్యంబకేశ్వరము వద్ద గోదావరి పుట్టును. ఆ చోటు అరేబియా సముద్రమునకు కేవలము 80 కిలోమీటర్ల దూరముననే యున్నది. అయినను నది ఆ సముద్రమునకు వీపు త్రిప్పి, తూర్పుముఖముగ 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియును. పైఠణ్ దాటి మన ఊరు చేరును. విష్ణుపురి ఆనకట్ట వద్ద కొంత నిలుచును. కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని తెలంగాణమున ప్రవేశించును. మన పిల్లలలో అనేకులకు అక్షరాభ్యాసము జరిగిన బాసర కూడ ఈ నది యొడ్డుననే యున్నది. మరాఠ్వాడా పల్లెలలో దీనిని “గంగ” యనియే పిలుతురు. ప్రతిదినము చూచు నది తుదకు ఎచటికి పోవుచున్నదని పిల్లవాడు అడిగినచో, ఆ ప్రశ్నకు సమాధానమును కన్నులతో చూపుట కంటె మించిన భూగోళపాఠము లేదు.

రెండవది భాష. నాందేడ్ 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1 నుండి మహారాష్ట్రమునను చేరినది. అప్పటినుండి మన పిల్లలకు తెలుగు ఇంటి మాటగను, బడి మాటగను ఉన్నదే కాని, అంగడిలో, కార్యాలయములో, రైలుస్టేషనులో వినవచ్చు మాట గాదు. కోస్తా యందు అడుగిడినంతనే అంగడి పలకలు, బస్సుల పేర్లు, పడవవాని పిలుపు, అన్నియు తెలుగే. తాను పుస్తకములో చదివిన భాషతో ఒక లోకము నడచుచున్నదని పిల్లవాడు గ్రహించును. ఈ గ్రహింపు పది ఉపన్యాసములవలన కలుగునది గాదు.

నర్సాపురము, అంతర్వేది

ధవళేశ్వరము వద్ద గోదావరి గౌతమి, వశిష్ఠ యను రెండు ప్రధానశాఖలుగ చీలును. సర్ ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు ఇచటనే ఆనకట్ట కట్టించెను. గౌతమి యానాము మీదుగ సముద్రమునకు పోవును. వశిష్ఠ నర్సాపురము ప్రక్కగ ప్రవహించి అంతర్వేది వద్ద సముద్రమున కలియును. నర్సాపురము పశ్చిమ గోదావరి జిల్లాలోనిది. అచట రైలుమార్గము ముగియును. అంతర్వేది నదికి ఆవలియొడ్డున, అంబేద్కర్ కోనసీమ జిల్లాయందున్నది.

నాందేడ్ వారికి ఇచటికి పోవుట సులభము. నాగర్‌సోల్ నుండి నర్సాపురము పోవు ఎక్స్‌ప్రెస్సు బండి మన ఊరి మీదుగ, నిజామాబాదు, సికిందరాబాదు, విజయవాడల గుండ పోవును. బండి మారవలసిన పని లేదు. మన మార్గము మీటరుగేజిగ ఉన్న రోజులలో సికిందరాబాదున సామాను దింపుకొని వేరొక బండి యెక్కక తప్పెడిది కాదు. ఏ దినములలో ఏ బండి ఏ మార్గమున పోవునో, వేళలు ఎట్లున్నవో టిక్కెట్టు కొనుటకు ముందు సరిచూచుకొనవలెను. 2024 నవంబరు 1 నుండి 60 దినములు ముందుగ మాత్రమే సీట్లు రిజర్వు చేయుచున్నారు. అయిదేండ్లలోపు పిల్లలకు ప్రత్యేకముగ బెర్తు కోరనిచో టిక్కెట్టు లేదు. అయిదు మొదలు పండ్రెండేండ్ల లోపువారికి బెర్తు కోరినచో పూర్తి చార్జీ, కోరనిచో సగము.

ఎప్పుడు పోవలెను?

సెలవులున్నవి గదా యని దీపావళికిగాని, వేసవికిగాని పోదలచుట సహజము. కాని ఆ రెండును తగిన కాలములు కావు. అక్టోబరు, నవంబరు నెలలు తూర్పు తీరమున తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదియు, 1996 నవంబరు 6న కోనసీమను కూల్చినదియు ఈ కాలపు తుపానులే. మే మాసమున ఎండ దుర్భరము. అప్పుడును తుపాను భయము లేకపోలేదు. పైగ ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పు తీరమున మరపడవల వేట నిషిద్ధము గనుక, పడవలు చేపలతో తిరిగివచ్చు దృశ్యము పిల్లలకు దొరకదు. జూలై మొదలు సెప్టెంబరు వరకు గోదావరికి వరదలు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగ నీరు పారినది.

కావున జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమము. సంక్రాంతికిగాని, జనవరి 26కుగాని శని, ఆదివారములు దగ్గరపడు సంవత్సరము చూచుకొనవలెను. ప్రయాణమునకు రానుపోను రెండు దినములు, తీరమున రెండు దినములు కావలెను. ఇంతకు తగ్గించినచో పిల్లలకు రైలు తప్ప వేరేమియు జ్ఞాపకముండదు. మాఘమాసమున భీష్మైకాదశికి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణము జరుగును. భక్తితో పోవువారికి అది పర్వదినమే. కాని చిన్నపిల్లలతో సముద్రము చూడదలచినవారు ఆ జనసమ్మర్దమును తప్పించుకొనుట మంచిది.

తిథిని కూడ చూచుకొనవలెను. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రపు పోటు హెచ్చు. అష్టమి ప్రాంతమున తక్కువ. పోటుకు పోటుకు నడుమ సుమారు 12 గంటల 25 నిముసములు పట్టును గనుక, ప్రతిదినము ఆ వేళ సుమారు 50 నిముసములు వెనుకబడుచుండును. ఇంటి పంచాంగముతోనే ఇంత లెక్క తెలియును.

రెండు దినముల క్రమము

మొదటి దినము నర్సాపురముననే గడపుట మేలు. ప్రయాణపు బడలిక తీరిన పిమ్మట రేవునకు పోయి వశిష్ఠను చూడవలెను. నాందేడ్ ఘాట్ల వద్ద చూచిన నదియే ఇచట ఎంత వెడల్పైనదో పిల్లలచేతనే చెప్పింపవలెను. ఈ ఊరి స్త్రీలు దారముతో అల్లు లేసు దేశదేశములకు పోవును. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక చిన్న అల్లికను కొని, దానిని అల్లినవారితో మాటలాడుట పిల్లలకు మంచి పాఠము.

రెండవ దినము పెందలకడనే బయలుదేరవలెను. నర్సాపురపు రేవు నుండి సఖినేటిపల్లికి పంటు మీద నది దాటుట పిల్లలకు పండుగయే. మనుష్యులను, వాహనములను ఒక్కసారిగ దాటించు వెడల్పాటి బల్లకట్టు వంటి పడవకే పంటు అని పేరు. వరదలలో దీనిని నిలుపుదురు గనుక, నడచుచున్నదో లేదో ముందు విచారింపవలెను. అది లేనినాడు చించినాడ వంతెన మీదుగ చుట్టు తిరిగి పోవచ్చును. అంతర్వేదిలో స్వామిదర్శనము చేసికొని, నదియు సముద్రమును కలియు చోటునకు పోవలెను. దానిని “అన్నాచెల్లెళ్ల గట్టు” అందురు. ఎండ ముదురకమునుపే ఇసుక మీది ఆటపాటలు ముగించి, మధ్యాహ్నము నీడపట్టున విశ్రమింపవలెను. తిరుగుప్రయాణమున దిండి వద్ద నదీతీరమున కొంతసేపు కూర్చుండవచ్చును.

ఖర్చు విషయమై ఒక్క మాట. హెచ్చు సొమ్ము రైలుచార్జీకిని బసకును పోవును. మూడు నాలుగు కుటుంబములు కలిసి పోయినచో వాహనము, బస చవుకగ దొరకును. పిల్లలను కనిపెట్టియుండుటకు పెద్దలును ఎక్కువమంది యుందురు. తీరపు గ్రామములలో మంచినీరు ఎల్లయెడల దొరకదు గనుక త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను.

నది యెరిగినవారికి సముద్రము

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. మనము నది యొడ్డువారము. నదిలో స్నానము చేయువానికి తెలిసిన నియమ మొకటే: సుడియు, వడియు ఉన్నచోట దిగరాదు, నిశ్చలముగ నున్న నీట దిగవచ్చును. ఈ నియమమునే నమ్మి సముద్రములో దిగినవాడు ప్రాణము మీదికి తెచ్చుకొనును. ఏలయన, సముద్రమున నిశ్చలముగ కనబడు నీరే అపాయకరము కావచ్చును.

దీని కారణమును తెలిసికొనుట కష్టము గాదు. కెరటములు విరిగినకొలది నీరు ఒడ్డుకు త్రోయబడుచుండును. ఆ నీరంతయు తిరిగి లోనికి పోవలెను గదా! అది ఇసుకతిన్నెల నడుమ సన్నని కాలువవంటి మార్గము చేసికొని, వేగముగ సముద్రము లోనికి పారును. ఆ కాలువలో నీరు లోతుగ నుండుటచేత కెరటములు అచట అంతగ విరుగవు. అటునిటు నురుగు లేచుచుండగ, నడుమ పట్టీవలె నల్లగ, నెమ్మదిగ కనబడు నీరు అదియే. ఎరుగనివాడు “ఇచట అలలు లేవు, పిల్లలకు మంచిచోటు” అని అచటనే దింపును. ఈ ప్రవాహము గట్టి ఈతగానిని సైతము లోనికి లాగగలదు.

ఒకవేళ అందు చిక్కుకొన్నచో ఒడ్డువైపు ఎదురీదరాదు. ఎదురీదినవాడు అలసి మునుగును. ఈ ప్రవాహము మనిషిని లోనికి కొనిపోవునే కాని అడుగునకు లాగదు. కావున భయపడక వెల్లకిల తేలియుండి, చేయి యెత్తి పిలువవలెను. శక్తి యున్నచో ఒడ్డునకు సమముగ ప్రక్కకు ఈదవలెను. కాలువ వెడల్పు తక్కువ గనుక కొంత దూరము పోయిన పిమ్మట ప్రవాహము వదలును. అప్పుడు కెరటములతోపాటు ఒడ్డునకు రావలెను. చిక్కినవానిని రక్షించుటకై ఈత సరిగ రానివారు వెంట దుముకరాదు. తేలు వస్తువునో, త్రాటినో విసరి, తీరమందలి జాలరులను కేకవేయవలెను. 112కు ఫోను చేయవలెను.

నదీసముద్రసంగమము వద్ద అపాయము ఇంకను హెచ్చు. పోటు తీసి నీరు వెనుకకు మరలు వేళ, నదీప్రవాహమును సముద్రపు లాగుడును ఒకే దిక్కున పనిచేయును. కావున అన్నాచెల్లెళ్ల గట్టును కన్నులతో చూడవలెనే కాని, అచట నీట దిగరాదు. కాళ్లు తడుపుకొనగోరువారు, స్థానికులు చూపిన చోటనే, మోకాలిలోతు దాటక, పిల్లల చేయి విడువక నిలువవలెను. ఒక్కొక్క పిల్లవానికి ఒక పెద్దవారిని ముందుగనే ఏర్పరచవలెను. “అందరును చూచుచున్నారు” అనుకొన్నచోట ఎవ్వరును చూడరు. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు అలల ఎత్తును గూర్చి ముందుగ హెచ్చరికలు ప్రకటించును. బయలుదేరు ముందు వానిని చూచుకొని, హెచ్చరిక యున్ననాడు తీరమునకు పోవుటయే మానుకొనవలెను.

పిల్లలు తెచ్చుకొనవలసినవి

గవ్వలు, శంఖులు ఎట్లును తెచ్చుకొందురు. వానితోపాటు మాటలు కూడ తెచ్చుకొనుడని పిల్లలకు చెప్పవలెను. ఒక చిన్న పుస్తకము ఇచ్చి, అచట విన్న క్రొత్తమాటలు వ్రాసికొమ్మనవలెను. నది సముద్రమున కలియు చోటు మొగ. నది నడుమ మెట్ట లంక. సముద్రము పొంగుట పోటు, తీయుట పాటు. తీరపు ఇసుకలో పెంచునది సరుగుడు తోట. ఉప్పునీటిలో వేళ్లూని నిలుచునది మడ అడవి. ఇవి మన ఊరిలో వినబడని మాటలు. వానికి పని లేకపోవుటచేతనే వినబడవు. పనిచేయుచున్న మాటను వినుటకే ఇంత దూరము పోవుట.

మరియొక సంగతిని కూడ పిల్లలకు చెప్పవచ్చును. కోనసీమ కొబ్బరితోటలు నిలిచిన నేల గోదావరి వేలకొలది యేండ్లుగ మోసికొని వచ్చిన ఒండ్రుమట్టి. దక్కను పీఠభూమి మీద వానకు కొట్టుకొనిపోయిన మట్టియు అందున్నది. జాయక్వాడీ మొదలు శ్రీరాంసాగరు వరకు కట్టిన జలాశయములలో ఇప్పుడు కొంత మట్టి నిలిచిపోవుచున్నది. డెల్టా చేరు ఒండ్రు మునుపటి కంటె తగ్గినది. ఎగువనున్నవారు చేయు పని దిగువవారి నేలను ముట్టునని తెలిసికొన్న పిల్లవాడు, విష్ణుపురి గట్టు మీద నిలిచి నదిని వేరొక కన్నుతో చూడగలడు.

తల్లిదండ్రులకు మా మనవి ఇంతియే. ఈ సంవత్సరము వీలుకానిచో వచ్చు సంవత్సరమైనను, ఒక జనవరి మాసమున మీ పిల్లలను గోదావరి తుదకు తీసికొనిపొండు. పోవుటకు ముందు కెరటముల నడుమ నెమ్మదిగ కనబడు నీటిని గూర్చి ఇంటిలో రెండు మూడు మారులు చెప్పి, వారిచేత తిరిగి చెప్పించుడు. వచ్చిన పిమ్మట వారు వ్రాసికొన్న మాటల పుస్తకమును పాఠశాలకు పంపుడు. సముద్రమును చూడని తోటిపిల్లలకు అవి చదివి వినిపింపవచ్చును.