నడక నేర్చిన బిడ్డకు బండి

నడక వచ్చిన బిడ్డ గల యింట తల్లికి తీరిక యుండదు. ఏడాది నిండువఱకు చాపమీద ఆడుకొన్న బిడ్డయే, కాళ్ళు నిలిచిన నాటినుండి గడప దాటును, మెట్లెక్కును, నీళ్ళతొట్టి యొద్దకు పోవును. వీధిలోనికి తీసికొనిపోయినచో నాలుగడుగులు వేసి ఎత్తుకొమ్మని చేతులు చాచును. ఎత్తుకొన్న మఱుక్షణమే దిగుటకు పెనుగులాడును. రెండేండ్ల బిడ్డ సుమారు 12 కిలోల బరువుండును. అంత బరువును చంకను వేసికొని, కూరల సంచిని రెండవచేత పట్టుకొని అంగడికి పోయివచ్చు తల్లికి రాత్రివేళ నడుము నొప్పి యేల వచ్చుచున్నదో ఒకరు చెప్పనక్కఱలేదు.

పూర్వము ఈ భారము ఒక్కరిది గాదు. అవ్వ, మేనత్త, పినతల్లి, ఇంటి పెద్దపిల్ల, వీరందఱి చంకలు మాఱుచు బిడ్డ పెరిగెడిది. నేడు తిరుపతిలోను చిత్తూరులోను ఉద్యోగములకై వచ్చి, భార్యాభర్తలును బిడ్డయు మాత్రమే గల కాపురములు పెక్కులు. ఎత్తుకొనువారు లేక తల్లి యిల్లు కదలకుండుటయు, కదలినచో అలసి యింటికి వచ్చి ఆ విసుగును బిడ్డపై చూపుటయు మనము చూచుచున్న విషయములే. అందుచేత అంగడివారు స్ట్రోలరని పిలుచు పిల్లల బండి వేడుకవస్తువుగా గాక అక్కఱవస్తువుగా మన యిండ్లకు వచ్చుచున్నది. అది యెట్లుండవలెనో, ఎట్లు పరీక్షించి కొనవలెనో, ఎక్కడ పనికివచ్చునో, ఎక్కడ పనికిరాదో మాకు తెలిసినంతవఱకు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

బండి పుట్టుక

ఇంగ్లాండు దేశమున 1733వ సంవత్సరమున విలియం కెంట్ అను శిల్పి డెవన్‌షైరు ప్రభువు బిడ్డలకై ఒక బండి నిర్మించెను. అది చిన్న జంతువు లాగునట్టిది. చూచుటకు అందమైనదే కాని తల్లి చేతి పనికి గాదు. 1889లో అమెరికాయందలి విలియం రిచర్డ్‌సన్ అను నల్లజాతి మేధావి, బిడ్డ ముఖము తల్లివైపు త్రిప్పుకొన వీలగు బండికి పేటెంటు పొందెను. అయినను బండ్లు చాలకాలము బరువుగానే యుండెను. విమానముల చక్రములను అమర్చు పనిలో ఆఱితేరిన ఓవెన్ మెక్లారెన్ అను ఆంగ్లేయుడు 1965లో అల్యూమినియము గొట్టములతో, గొడుగువలె ముడుచుకొను బండిని కల్పించెను. నేడు మన అంగళ్ళలో కనబడు తేలిక బండ్లకు అదియే మాతృక. తేలికతనము మేలే. అయితే తేలికయైన ప్రతి బండియు గట్టిదని తలపరాదు. చుఱుకైన బిడ్డ గల తల్లి ఈ రెంటిని వేఱువేఱుగా చూచుకొనవలెను.

బోల్తాపడని బండి

భాగవత దశమస్కంధమందలి శకటాసురుని కథ మనమెల్లర మెఱిగినదే. చిన్నికృష్ణుడు పాలకై యేడ్చుచు కాలు విదలించినంతనే బండి తలక్రిందులాయెను. మన యిండ్లలోని కృష్ణులకు అంతటి మహిమ లేకున్నను కాళ్ళు విదలించుటలో వారు తక్కువవారు గారు. ముందుకు వంగుదురు, ప్రక్కకు వ్రాలుదురు, పాదములూని లేచి నిలువబోదురు. కావున బండికి మొట్టమొదట చూడవలసిన గుణము బోల్తాపడకుండుట. చక్రముల నడిమి వెడల్పు ఎక్కువగాను, కూర్చుండు పీఠము నేలకు కొంత దగ్గఱగాను ఉన్న బండి నిలుకడగా నుండును. అంగడిలో బిడ్డను కూర్చుండబెట్టి, పిడిని చేతితో మెల్లగా క్రిందికి అదిమి చూడవలెను. కొద్దిపాటి ఒత్తిడికే ముందు చక్రములు లేచినచో ఆ బండి వలదు.

ఇందు మన యలవాటు ఒకటి మానవలసియున్నది. కూరల సంచిని, నీళ్ళ సీసాను, పసుపుకుంకుమల పొట్లమును బండి పిడికి తగిలించుట అందఱికిని అలవాటు. బిడ్డ కూర్చున్నంతసేపు ఆ బరువు తెలియదు. బిడ్డను ఎత్తిన వెంటనే బండి వెనుకకు పడును. ఒక్కొక్కప్పుడు బిడ్డ యుండగనే పడును. పీఠము క్రింద బుట్ట గల బండిని కొని, సామానును అందులోనే ఉంచవలెను.

కట్టు

యశోద కృష్ణుని ఱోటికి కట్టబోగా ఎన్ని త్రాళ్ళు తెచ్చినను రెండంగుళములు చాలకపోయెను. తుదకు కట్టువడినను ఆ బాలుడు ఱోటినే యీడ్చుకొనిపోయి మద్దిచెట్లను కూల్చెను. నడుమునకు మాత్రము కట్టిన కట్టు చుఱుకైన బిడ్డను నిలుపజాలదని ఈ కథనుండి తల్లులు గ్రహింపవచ్చును. ఒక్క నడుము పట్టీ గల బండిలో బిడ్డ పైకి లేచి నిలువగలదు, లేదా క్రిందికి జాఱగలదు. జాఱినప్పుడు పట్టీ మెడకు తగులుట ప్రాణాపాయము. భుజములకు రెండు, నడుమునకు రెండు, కాళ్ళ నడుమ ఒకటి, ఈ విధముగా అయిదు చోట్ల పట్టు గల బెల్టునే కోరవలెను. పట్టీకిని బిడ్డ యొంటికిని నడుమ మన వ్రేళ్ళు రెండు మాత్రము దూరునంత సందుండిన చాలును. బిడ్డ పెరిగినకొలది పట్టీల ఎత్తును మార్చుకొను వీలుండవలెను. బొత్తాము తల్లి యొక చేతితో విప్పగలదిగను, బిడ్డ విప్పలేనిదిగను ఉండవలెను. వీధి చివరి అంగడికే గదా యని పట్టీ పెట్టకుండుట తగదు; చక్రము గుంటలో పడుటకు దూరముతో పనిలేదు.

బ్రేకు, చక్రములు, మడత

బ్రేకు వెనుక చక్రములు రెంటిని ఒక్కమాఱే పట్టవలెను. అంగడి నేల సమముగా నుండును గనుక అచ్చట అన్ని బ్రేకులును బాగుగనే పట్టును. వాకిటి వాలుమీద బిడ్డ బరువుతో నిలిపి చూచినప్పుడే నిజము తెలియును. రైలుస్టేషనులో ప్లాట్‌ఫారము మీద బండిని పట్టాలవైపు ముఖముగా ఎన్నడును నిలుపరాదు. పట్టాలకు సమాంతరముగా నిలిపి, బ్రేకు వేసి, ఒక చేయి పిడిమీదనే ఉంచుకొనవలెను.

మన వీధులలో స్పీడు బ్రేకరులు, మురుగుకాలువల మూతలు, గులకఱాళ్ళు, త్రవ్వి పూడ్చిన గోతులు లేనిచోటు తక్కువ. చిన్న ప్లాస్టికు చక్రములు ఇట్టి తావుల చిక్కుకొని, బండి ఒక్కసారి ఆగి ముందుకు తూలును. చక్రము పెద్దదైనకొలది కుదుపు తగ్గును. గాలి టైరులు మెత్తగా పోవును గాని ముల్లు తగిలినచో పంచరగును. గట్టి రబ్బరు చక్రములకు ఆ చిక్కులేదు. నలువైపుల తిరుగు ముందు చక్రములు నున్నని నేలమీద సుకరములు. ఎగుడుదిగుడు దారిలో వానిని కదలకుండ బిగించు మీట ఉన్నదో లేదో చూచుకొనవలెను.

మడత బండికి కీళ్ళే ప్రాణస్థానములు. తెఱచిన పిదప రెండవ గడియ పడినగాని బండి నిలువరాదు. గడియ పడినట్లు చప్పుడు వినవలెను, కంటితోను చూడవలెను. 2009లో అమెరికాలో సుమారు 10 లక్షల బండ్లకు కీళ్ళపై తొడుగులు వేయవలసివచ్చెను. తెఱచునప్పుడు బిడ్డల వ్రేలికొనలు ఆ కీళ్ళలో చిక్కి తెగుటయే దీనికి కారణము. కావున బండిని తెఱచి బిగించిన తరువాతనే బిడ్డను దగ్గఱకు పిలువవలెను. బిడ్డను దింపి దూరముగా నిలిపిన తరువాతనే మడువవలెను. ఇతరులు వాడిన బండిని కొనువారు ఈ కీళ్ళను, రివిట్లను, కుట్లను మఱింత శ్రద్ధతో చూడవలయును.

బండి ఎంత బరువు మోయునో దానిమీద వ్రాసియుండును. చాల బండ్లు 15 కిలోలవఱకే ఏర్పడినవి. రెండేండ్ల బిడ్డకు కొనువారు ఇది చదువక పోరాదు. ఐరోపా బండ్లకు ఈఎన్ 1888 అనియు, అమెరికా బండ్లకు ఏఎస్‌టీఎం ఎఫ్ 833 అనియు ప్రమాణములు కలవు. ఈ గుర్తులకై అడిగి చూడవచ్చును. మన దేశమున 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసిరి. అయితే ఆ యుత్తరువు ఆటవస్తువులకు సంబంధించినది. బొమ్మల అంగడిలో దొరకినంతమాత్రమున బండికిని ఆ పరీక్ష జరిగినదని అనుకొనరాదు.

పిడి తల్లి నడుము ఎత్తున ఉండవలెను. వంగి త్రోయవలసిన బండి వలన నడుము నొప్పి తీరదు, చోటు మాత్రము మాఱును. మేడమీది యింట కాపురమున్నవారు, బస్సులో ఊళ్ళకు పోవువారు బండిని ఒక చేత ఎత్తి చూచి కొనుట మంచిది.

ఎండ

ఏప్రిలు, మే నెలలలో మన జిల్లాల ఎండ నెఱుగనివారు లేరు. బండికి వెడల్పైన గొడుగు కావలెను. గుడ్డ విప్పి ఉతుకుకొన వీలుండవలెను. ఎండ తగులకుండ పైటచెఱగునో దుప్పటినో బండిముందు కప్పుట పలువురు చేయుచున్నారు. అది మేలు గాదు. గాలి ఆడక లోపల వేడి త్వరగా హెచ్చును, బిడ్డ ముఖము మనకు కనబడదు. ఎండలో నిలిపిన బండి ఇనుపభాగములు చుఱుక్కుమని కాలును. చేతితో తాకి చూచిన పిదపనే కూర్చుండబెట్టవలెను. కొనువేళల కన్న ముందుగా బయలుదేఱుట, చల్లని వేళ తిరుగుట అన్నిటికంటె మంచి ఉపాయము.

బండి పనికిరాని తావులు

తిరుమల కొండకు 1944లో ఘాటురోడ్డు ఏర్పడుటకు పూర్వము బిడ్డలు పెద్దల చంకలలోను భుజములమీదను, కొందఱు డోలీలలోను కొండ యెక్కిరి. నేటికిని అలిపిరి దారిన సుమారు 3,550 మెట్లును, శ్రీవారి మెట్టు దారిన సుమారు 2,400 మెట్లును కలవు. ఆ దారులకు బండి తగదు. ఇద్దఱు రెండువైపుల పట్టి బండితోకూడ బిడ్డను ఎత్తి మెట్లెక్కించుట మిక్కిలి అపాయకరము. కాలినడకను పోవువారు ఎదకు గట్టిగా కట్టుకొను గుడ్డసంచిని వాడుట మేలు. బస్సులో పైకి పోవువారికి కొండమీది చదునైన వీథులలో, జనము పలుచగా నున్నవేళ బండి పనికివచ్చును. క్యూలలోను, బ్రహ్మోత్సవముల నాటి మాడవీథులలోను, తిరుపతి గంగమ్మ జాతర సమ్మర్దములోను బండియే అడ్డమై బిడ్డకు ముప్పు తెచ్చును. కదలు మెట్లమీద సైతము బండిని ఎక్కింపరాదు.

పెద్దల మాట

బండిలో త్రిప్పినచో బిడ్డకు నడక రాదని అత్తగార్లు అనుచుందురు. ఈ మాటను కొట్టివేయుటకు వీలులేదు, పూర్తిగా ఒప్పుకొనుటకును వీలులేదు. గంటలకొలది బెల్టు బిగించి, చేతికి సెల్‌ఫోను ఇచ్చి కూర్చుండబెట్టిన బిడ్డకు నష్టమే. దారి దూరమైనప్పుడు బండి, ఇల్లు చేరగనే నేల, ఇట్లు వాడినచో నడకకు లోటు రాదు. పెద్దలు భయపడవలసిన వస్తువు వేఱొకటి కలదు. నడుమ బిడ్డను కూర్చుండబెట్టి, చుట్టు చక్రములమీద తిరుగు వాకరు అది. అది నడకను త్వరపెట్టదు సరికదా, గడపల మీదుగా మెట్లమీదికి దొర్లి, పొయ్యి దగ్గఱకు చేరి, అనేకులను గాయపఱచినది. కెనడా దేశము 2004లో దాని అమ్మకమునే నిషేధించినది. మన పాత మూడుచక్రముల కొయ్యబండి అట్టిది గాదు. అందు బిడ్డ తన కాళ్ళమీద తాను నిలిచి, బండిని త్రోయుచు నడచును. అది యింట నున్నచో పెద్దవారు ప్రక్కనుండి ఆడింపవచ్చును.

మఱియొక మాట. 2008లో స్కాట్లండునందలి డండీ విశ్వవిద్యాలయమున సుజాన్ జీడిక్ అను శాస్త్రజ్ఞురాలు వీధులలోని బండ్లను గమనించి, బిడ్డ ముఖము తల్లివైపున్న బండ్లలో తల్లులు బిడ్డలతో రెట్టింపునకు పైగా మాటాడుచున్నారని కనుగొనిరి. వీలైనచో అట్లు త్రిప్పుకొను బండిని కొనుట మంచిది. లేనిచో అప్పుడప్పుడు ఆగి, ముందుకు వచ్చి, అదిగో ఆవు, అదిగో కొండ, అదిగో గోపురము అని చూపుచు మాటాడవలెను. బండి కొనుటకు శక్తిలేని తల్లి చంకనున్న బిడ్డకు ఈ భాగ్యము ఏ ఖర్చును లేకయే లభించుచున్నది.

ఆఱునెలలు నిండని శిశువును పూర్తిగా వెల్లకిల పరుండుటకు వీలులేని బండిలో ఉంచరాదు. ఏ వయసు బిడ్డయైనను బండిలో నిద్రించుచుండగా ఒంటరిగా విడువరాదు. ఇల్లు చేరిన పిదప చదునైన పడకమీదికి మార్చవలెను.

సోదరీమణులారా, రంగును చూచి, పైనున్న బొమ్మలను చూచి, పొరుగింటివారు కొన్నారని బండిని కొనకుడు. బిడ్డను వెంట తీసికొని అంగడికి పొండు. కూర్చుండబెట్టుడు, కట్టుడు, వాలున నిలుపుడు, మడచి ఎత్తి చూడుడు. ఇందులకు అంగడివాడు విసుగుకొన్నచో మఱియొక అంగడికి పొండు. అరగంట ఆలస్యమైనను, రెండు మూడేండ్లు బిడ్డ ప్రాణమును అప్పగింపవలసిన వస్తువును మీరు మీ చేతులతో పరీక్షించినవారగుదురు.