విలువ ఏది? పని ఏది?

కంప్యూటరు కోర్సుల్లో చేరిన మన పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. ప్రోగ్రామును చదివే పార్సర్ ప్రతి ముక్కనూ భాషా వ్యాకరణంతో సరిచూస్తుంది. ‘500 + 200’ ఎక్స్‌ప్రెషన్. లెక్కిస్తే విలువ తేలుతుంది. ‘ఫీజు = 700’ పైథాన్‌లో స్టేట్‌మెంట్; పని జరుగుతుంది, విలువ చేతికి రాదు. మా బ్యాంకు భాషలో మొదటిది కూడిక, రెండోది లెడ్జరులో పద్దు.

సి భాషలో ఆ పద్దు కూడా ఎక్స్‌ప్రెషనే, దాని విలువ 700. అందుకే ‘ఇఫ్’ షరతులో పోల్చడానికి రెండు సమాన గుర్తులు పెట్టవలసిన చోట ఒకటే పెట్టినా సి పార్సర్ ఒప్పుకుంటుంది, మహా అయితే కంపైలర్ హెచ్చరిస్తుంది. ఫీజు అంతకుముందు సున్నా అయినా 700 అయిపోతుంది, షరతు ప్రతిసారీ నిజమవుతుంది! పైథాన్ అయితే సింటాక్స్ ఎర్రర్ అని అక్కడే ఆపేస్తుంది. షరతు లోపలే విలువ ఇవ్వాలనుకునేవారికి 2019లో వచ్చిన పైథాన్ 3.8లో ‘:=’ అనే వేరే గుర్తు చేర్చారు.

ల్యాబ్ పరీక్షలో మీ సి ప్రోగ్రాము ఎర్రర్ చూపకుండా తప్పు జవాబిస్తుంటే, ముందు ఇఫ్ లైన్లు చూడండి.